క్రిస్మస్ చెట్టుకి నిజం కొవ్వొత్తులు: పిల్లని పంపాలా వద్దా?

మంచులో_మిరపకాయ (మిన్నెసోటా):
మా పక్కింటాయన డెన్మార్క్ మనిషి, ఆర్హూస్ నుంచి వచ్చాడు. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగింది. ఇద్దరమ్మాయిలు, ఏడేళ్లు, నాలుగేళ్లు. మా దానికి ఆరు. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచీ ముగ్గురూ వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గరే, ఎర్ర కాగితం తెల్ల కాగితం అల్లి హృదయం ఆకారంలో బుట్టలు చేస్తున్నారు, మా ఫ్రిజ్ తలుపు నిండా అవే. ఒకటి నుంచి 24 దాకా గీతలున్న కొవ్వొత్తి ఒకటుంది వాళ్లింట్లో, రోజుకో గీత కాలాక ఆర్పేస్తారు, ఆర్పే వంతు ఎవరిదని అక్కాచెల్లెళ్లు పొద్దున్నే జుట్టూ జుట్టూ పట్టుకుంటారట. ఇంతవరకు ముచ్చటగానే ఉంది.

24 రాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచారు. తిన్నాక చెట్టుకి కొవ్వొత్తులు వెలిగించి, అందరూ చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ పాటలు పాడతారట, ఆ తర్వాతే గిఫ్టులు. కరెంటు లైట్లు కాదండీ, నిజం చెట్టు, నిజం కొవ్వొత్తులు! ఆ ఇంటావిడకే ఇష్టం లేదు, "మా అమ్మ వింటే ప్రాణం పోతుంది" అంది నాతో. ఆయనేమో చిన్నప్పటి నుంచీ మాకిదే అలవాటు, ఏనాడూ ఏం కాలేదంటాడు. వాళ్ల మొగుడూపెళ్లాల మధ్య నేను దూరను, కానీ నా పిల్ల సంగతి నేను చూసుకోవాలి కదా. ఏం చేయమంటారు?

లెక్కల_మాష్టారు:
వద్దమ్మా. ఇందులో ఆలోచించడానికేముంది? ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లోనే న్యూయార్క్‌లో తన చెట్టుకి కరెంటు బల్బులు పెట్టాడు. అప్పటి నుంచీ మంట అవసరం తీరిపోయింది. "ఏనాడూ ఏం కాలేదు" అనేది వాదన కాదు, హెల్మెట్ లేకుండా బండి నడిపేవాళ్లందరూ అనే మాటే అది.

గోదారి_గట్టు:
మాష్టారూ, మీరు దీపావళికి మనవరాలికి పట్టుపావడా కట్టి చేతికి కాకరపువ్వొత్తి ఇవ్వలేదా? దాని చివర వెయ్యి డిగ్రీల పైనే ఉంటుంది. ప్రతి దీపావళి మర్నాడూ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఎంతమంది పిల్లలొచ్చారో పేపర్లో చదువుతాం, మళ్లీ ఏడాది మళ్లీ కొంటాం. మనది సంప్రదాయం, వాళ్లది పిచ్చి, అంతేనా?

లెక్కల_మాష్టారు:
కాకరపువ్వొత్తి ఆరుబయట కాలుస్తాం. ఇది హాల్లో, కార్పెట్ మీద, కర్టెన్ పక్కన. రెండూ ఒకటి కాదు.

కోపెన్‌హాగెన్_కాపురం:
ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నాం, మాకూ ఇద్దరు ఆడపిల్లలే. చూసింది చెప్తాను. ఇక్కడ కూడా చాలామంది లైట్లకి మారిపోయారు, కానీ నిజం కొవ్వొత్తులు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మా ఆయన బాస్ ఇంట్లో రెండుసార్లు చూశాను. ప్రతి కొవ్వొత్తికీ క్లిప్పు ఉంటుంది, కొమ్మ చివర నిటారుగా పెడతారు, పైన ఇంకో కొమ్మ ఉండకూడదు. వెలిగించేటప్పుడు పై నుంచి కిందికి, ఆర్పేటప్పుడు కింద నుంచి పైకి, చెయ్యి మంట మీదుగా పోకుండా. చెట్టు వెనకాల బకెట్ నీళ్లు. పాటలు పాడినంతసేపే వెలుగుతాయి, ఆఖరిది ఆరేదాకా పెద్దవాళ్లు గది వదలరు.

పిల్లలకి నిప్పంటే ఏంటో ఇక్కడ చిన్నప్పుడే నేర్పుతారు. 13న లూసియా పండగ (స్వీడన్ నుంచి 1944లో వచ్చింది, జర్మన్లు ఈ దేశాన్ని ఆక్రమించుకుని ఉన్న రోజుల్లో), మా పెద్దది తెల్ల గౌను వేసుకుని చేతిలో వెలిగే కొవ్వొత్తితో వరసలో నడిచింది. జుట్టు వెనక్కి గట్టిగా కట్టి పంపమని స్కూలు నుంచి చీటీ వచ్చింది. నాకు కాళ్లు వణికాయి. దానికి మాత్రం కొవ్వొత్తి తప్ప ఇంకేం కనపడలేదు, అంత జాగ్రత్తగా నడిచింది.

కానీ ఒక్క మాట అక్కా, అందరూ కొవ్వొత్తి గురించే కొట్టుకుంటున్నారు, అసలు ప్రశ్న చెట్టుది. వాళ్లు చెట్టు ఎప్పుడు తెచ్చారు? ఇక్కడ పాత పద్ధతిలో 23నో 24నో అలంకరిస్తారు, అప్పటికి చెట్టు పచ్చిగా ఉంటుంది. మీ దగ్గర నవంబరు ఆఖర్లో థాంక్స్ గివింగ్ పండగ అవగానే తెచ్చి నిలబెడతారు కదా? హీటర్ వేడిలో నాలుగు వారాలు ఎండిన చెట్టు తాటాకు పందిరితో సమానం.

మంచులో_మిరపకాయ:
అమ్మో. థాంక్స్ గివింగ్ మర్నాడే తెచ్చారు. మొన్న చెయ్యి తగిలితే జలజలా సూదుల్లాంటి ఆకులు రాలాయి, రోజూ ఊడుస్తున్నానని ఆవిడ విసుక్కుంది కూడా.

గోదారి_గట్టు:
అంటే కొవ్వొత్తి ఆయన పద్ధతి, చెట్టు ఆవిడ పద్ధతి. విడివిడిగా ఎవరి లెక్క వాళ్లకి సరిపోయింది, కలిస్తేనే కొంప అంటుకునేది! నేను నా మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆ చెట్టుకి మాత్రం వద్దు.

లెక్కల_మాష్టారు:
హమ్మయ్య.

మంచులో_మిరపకాయ:
అప్‌డేట్. దూరనన్నాను కానీ దూరాను. కాఫీకి పిలిచి ఆవిడతో అన్నాను, కొవ్వొత్తులు వద్దని కాదు, చెట్టు ఎండిపోయింది అని. ఆయనకి ఆ మాట వెంటనే ఎక్కింది, కొమ్మ విరిచి చూశాడట, పుటుక్కుమంది. ఇప్పుడు రెండు చెట్లు. పెద్దదానికి లైట్లు, 25 పొద్దున ఆవిడ వైపు పద్ధతిలో మేజోళ్లు, శాంటా. 23న పచ్చి చెట్టు ఇంకోటి, పిల్లల ఎత్తుది, పన్నెండే కొవ్వొత్తులు. పెద్దపిల్లకి అగ్గిపుల్ల ఎటు తిప్పి గీయాలో సింక్ దగ్గర నిలబెట్టి నేర్పిస్తున్నాడు, చిన్నదానికి ఆర్పే పని. మేం వెళ్తున్నాం. మా దానికి కాటన్ గౌను, జడ. నైలాన్ లంగా అని ఏడ్చింది, ఏడవనీ.

లెక్కల_మాష్టారు:
రెండు చెట్లు కొనే బదులు ఒక్క స్విచ్ వేస్తే పోయేది. నేను మారలేదు. బకెట్ మాత్రం మీ కళ్లతో చూసుకోండి.

కోపెన్‌హాగెన్_కాపురం:
స్వీటులో బాదం గింజ జాగ్రత్త అక్కా. చల్లటి పాల అన్నంలో ముక్కల మధ్య ఒక్కటే నిండు గింజ వేస్తారు, దొరికినవాళ్లకి బహుమతి. దొరికినా బుగ్గలో దాచుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా చెప్పరు, మిగతావాళ్లందరూ పొట్ట పగిలేలా తినాల్సిందే. పిల్లలు ముగ్గురున్నారు కాబట్టి మూడు చిన్న బహుమతులు మీరే పట్టుకెళ్లండి, లేకపోతే గింజ కోసం జరిగే యుద్ధం ముందు మంటలు ఏపాటి.

గోదారి_గట్టు:
వాళ్లు ఎబ్లెస్కీవర్ అని గుండ్రంగా వేస్తారే, ఆ పెనం అచ్చం మన గుంత పొంగనాల పెనమేనట, నిజమేనా?

మంచులో_మిరపకాయ:
అచ్చం అదే, ఇనుముది, ఏడు గుంటలు. పోయిన వారం అడిగి తెచ్చుకుని మిగిలిన దోసె పిండితో వేశాను. తిరిగిచ్చేటప్పుడు నాలుగు పొంగనాలు పెట్టిచ్చాను, ఆయన వాటి మీద పంచదార, జామ్ వేసుకుని తిన్నాడు. ఉల్లిపాయ ఉందని చెప్పేలోపే.