మాస్కింగ్ టేప్ తీస్తే ప్రైమర్ కూడా ఊడి వస్తోంది

1/72 స్కేల్ విమానం మోడల్ కడుతున్నాను, మామూలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్కే. నీళ్లతో పల్చన చేసే యాక్రిలిక్ ప్రైమర్‌ని (రంగు కంటే ముందు వేసే తొలి పూత) 0.3 మి.మీ. నాజిల్ ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న గన్), 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర కొట్టాను. చూడటానికి నున్నగా, చక్కగా వచ్చింది. 24 గంటలు ఆగి, రెక్క మీద మాస్కింగ్ టేప్ (రంగు పడకూడని చోట కప్పే టేప్) వేసి తీస్తే పాల మీద మీగడ లేచినట్టు పొరంతా లేచి వచ్చేసింది. కింద ప్లాస్టిక్ మెరుస్తూ కనిపిస్తోంది. ప్రాణం ఉసూరుమంది.

అంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లలో కడిగాను. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఆ తర్వాత గ్లోవ్స్ లేకుండా ముట్టుకోలేదు. 15 నిమిషాల తేడాతో మూడు పల్చటి కోట్లు వేసి, ఈసారి 48 గంటలు ఆరనిచ్చాను. టేప్ జిగురు తగ్గాలని ముందు అరచేతికి అంటించి తీశాను కూడా. అయినా అదే తంతు.

ఒక్క సంగతి గమనించాను. రెక్క అతుకు దగ్గర 600 నంబర్ సాండ్‌పేపర్‌తో రుద్దిన చోట మాత్రం ప్రైమర్ కదల్లేదు. కానీ మోడల్ అంతా అలా రుద్దితే సన్నటి ప్యానెల్ లైన్లు (విమానం రేకుల అతుకుల్ని చూపే గీతలు), రివెట్ల గుర్తులు అరిగిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆ గీతలు పోకుండా ఇదే ప్రైమర్ గట్టిగా పట్టుకునేలా చేసే మార్గం ఉందా, లేక లాకర్ (lacquer, నీళ్లతో కాక ఘాటైన సాల్వెంట్‌తో పల్చన చేసే రకం) ప్రైమర్‌కి మారాల్సిందేనా?