"జ్ఞాపకము చేసికొనెను" అంటే అంతవరకు మర్చిపోయినట్లేనా?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. ఇది భక్తి పోస్టు కాదు, మాట గురించే, కానీ మాట బైబిల్లోది కాబట్టి భక్తి కొంచెం వస్తుంది, సర్దుకోండి.

మొన్న రాత్రి మా అమ్మకి ఆదికాండం 8వ అధ్యాయం చదివి వినిపిస్తా ఉన్నాను (కంటి ఆపరేషన్ అయింది, ఇంకో నెల చదవకూడదన్నారు). మొదటి వచనంలోనే "దేవుడు నోవహును... జ్ఞాపకము చేసికొనెను" అని ఉంటుంది. అమ్మ ఆపేసింది. "అంటే అంతదాకా మర్చిపోయి ఉండాడా? కువైట్‌లో ఉండే నీ తమ్ముడి మాదిరి?" అనింది. నవ్వుతానే అడిగింది గానీ, నాకు నవ్వు రాలేదు. వాడు ఫోన్ చేసి ఇరవై రోజులైంది అప్పటికి.

నిజంగానే తెలుగులో ఆ మాట అట్లే వినపడుతుంది కదా? "జ్ఞాపకం ఉంది" అంటే ఎప్పుడూ ఉన్నట్టు. "జ్ఞాపకం చేసుకున్నాడు" అంటే మధ్యలో ఒక ఖాళీ ఉన్నట్టు. పైగా కథ కూడా అమ్మ పక్షానే ఉంది. జలప్రళయం కథ కదా, నోవహు ఇంటివాళ్ళతో, జంతువులతో ఓడలో ఉన్నాడు. వాన 40 రోజులు, నీళ్లు తగ్గకుండా 150 రోజులు. నోవహు ఆరువందల ఏట రెండో నెల 17న ఓడలోకి పోయినోడు, ఆరువందల ఒకటో ఏట రెండో నెల 27కి గానీ నేల ఆరలేదు. ఏడాది మీద పది రోజులు. ఓడ ఎక్కమని చెప్పిన తర్వాత మళ్ళీ దిగమని చెప్పేదాకా దేవుడు నోవహుతో ఒక్క మాట మాట్లాడినట్టు రాయలేదు, ఇది నేను రెండుసార్లు వెతికి చూసుకున్నాను. తలుపు కూడా బయటినుంచి ఆయనే మూసినాడు. ఆ పెట్టె లోపల కూర్చున్నోడికి "నన్ను మర్చేపోయినాడు" అనిపించదా?

హీబ్రూ తెలిసినవాళ్ళు, తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్ళు ఇద్దరూ చెప్పండి. "జ్ఞాపకము చేసికొను" ఇక్కడ సరైన మాటేనా?

—

జవాబు, చిత్తూరు నుంచి:

మూలంలో ఉండే ధాతువు "జాకర్". జెకర్యా అనే పేరులో ఉన్నది అదే, "యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు" అని ఆ పేరుకి అర్థం. అది వట్టి మనసులో జరిగే పని కాదన్నా, మనసు పెట్టి ఆ మనిషి కోసం కదలడం అన్నమాట. చూడండి, నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు, ఆ వెంటనే అదే వచనంలో గాలి విసిరింది, నీళ్లు తగ్గినాయి. అబ్రాహామును జ్ఞాపకం చేసుకున్నాడు, నాశనమవుతున్న ఊరినుంచి లోతు (అబ్రాహాము తమ్ముడి కొడుకు) బయటపడినాడు. పిల్లలు లేని రాహేలును జ్ఞాపకం చేసుకున్నాడు, ఆమెకు యోసేపు పుట్టినాడు. నిర్గమకాండం 2లో నిబంధనను జ్ఞాపకం చేసుకున్నాడు, తర్వాతి పేజీలో పొద మండింది, మోషేకు పిలుపు వచ్చింది. ప్రతిసారీ ఒక పని మొదలవుతుంది. అంతకుముందు మర్చిపోయినాడా లేదా అనేది ఆ మాట చెప్పనే చెప్పదు.

నిజంగా మర్చిపోయినవాడు కూడా ఆదికాండంలోనే ఉన్నాడు, పానదాయకుల అధిపతి, అంటే రాజుకి ద్రాక్షారసం అందించేవాళ్ళ పెద్ద. జైల్లో అతని కలకి అర్థం చెప్పింది యోసేపే. "యోసేపును జ్ఞాపకము చేసికొనక అతని మరచిపోయెను" అని రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి మరీ రాసినారు. యోసేపు ఇంకో రెండేళ్లు జైల్లోనే. మనిషి మరుపు అంటే అది.

—

జవాబు, పీలేరు నుంచి, బడిలో తెలుగు చెప్తాను:

హీబ్రూ నాకు రాదు గానీ మన తెలుగులోనే జవాబు ఉంది అనుకుంటా. మన ఊళ్లలో "మమ్మల్ని మర్చేపోయినావు గదా" అని ఎవరిని అంటాం? ఇంటికి రాని ఆడబిడ్డను, ఫోన్ చేయని కొడుకును. వాళ్ళకి మతిమరుపు వచ్చిందని కాదు దాని అర్థం, "రాలేదు, పలకరించలేదు, నాకు కోపంగా ఉంది" అని. దారిన పోయే వాడిని ఆ మాట అంటామా? అనం. హక్కు ఉన్నచోటే అంటాం. 13వ కీర్తనలో "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని దావీదు అడిగేది నాకు అచ్చం అట్లే వినిపిస్తుంది. దేవుడి గురించి ఇంకొకరికి చెప్పుకోవడం లేదు, నేరుగా ఆయన్నే అడుగుతున్నాడు. చర్చిలో ఎవరైనా "దేవుడు నన్ను మర్చిపోయినాడు" అంటే వెంటనే "అట్ల అనకూడదు, విశ్వాసం ఉండాల" అని నోరు మూయిస్తారు చూడండి, నాకు అది నచ్చదు. కీర్తనలోనే అంటే మనం అనకూడదా.

ఇంకోటి, మన దగ్గర "తలుచుకోవడం" అనే మాట ఉంది. అన్నం తింటా ఉంటే పొలమారితే నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటా ఉండారు" అంటాం. అంతకుముందు మర్చిపోయి ఇప్పుడు గుర్తొచ్చింది అని ఎవరూ అనుకోరు. "నోవహును తలచుకొనెను" అని ఉంటే మీ అమ్మగారికి ఆ అనుమానం వచ్చేది కాదేమో. జ్ఞాపకం అనేది సంస్కృతం మాట, అక్కడ దాని అర్థం "తెలియజేసేది" అని, మనం దాన్ని గుర్తు అనే అర్థంలో వాడుకుంటున్నాం.

—

జవాబు, చిత్తూరు నుంచి (మళ్ళీ నేనే):

తలచుకొనెను బాగుంది, కానీ మెత్తగా ఉంది. తలుచుకుని ఊరుకోవచ్చు కదా. గాలి విసిరే బలం ఆ మాటలో లేదు.

—

జవాబు, తిరుపతి, సత్యవేడు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం:

మా ఇంట్లో తమిళ బైబిల్ కూడా ఉంటుంది, అమ్మమ్మది. మరుపు అనగానే యెషయా 49 చూడాలి. "ప్రభువు నన్ను మరచియున్నాడు" అని సీయోను (యెరూషలేము పట్టణం) అంటుంది, దానికి జవాబు "వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను". తల్లి మరువదు అని తేల్చేసి ఉంటే సులభంగా పోయేది, కానీ తల్లి కూడా మరచిపోవచ్చు అని ఒప్పుకుని ఆ పైన చెప్తాడు, అది చాలా గట్టి మాట. తమిళంలోనూ అదే "మఱ" ధాతువే, మన మఱచు దాని చెల్లెలే. తేడా వచ్చేది తర్వాతి వచనంలో. తమిళంలో అరచేతుల్లో "వరైందిరుక్కిఱేన్", అంటే గీసి ఉన్నాను. తెలుగులో "చెక్కియున్నాను". ఏది దగ్గర?

—

జవాబు, చిత్తూరు నుంచి:

తెలుగే దగ్గర. అక్కడి హీబ్రూ ధాతువుకి తొలిచి చెక్కడం అనే అర్థం, హీబ్రూలో కట్టడ, చట్టం అనే అర్థమిచ్చే మాట కూడా దానినుంచే వచ్చింది.

—

జవాబు, ఏర్పేడు నుంచి:

చెక్కడం గురించి మా పక్కన మాధవమాలలో కొయ్యబొమ్మలు చేసేవాళ్ళని అడగండి. గీసిన గీత తప్పయితే తుడిచి మళ్ళీ గీస్తారు. ఉలి పడితే ఇంక అంతే. తాళ్లపాక వారి (అన్నమయ్య వాళ్ళ) పాటలు చెక్కిన రాగిరేకులు కొండమీద గుళ్ళో చిన్న అరలో వందల ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండిపోయినా మళ్ళీ తీసి పాడుకోగలిగినాం అంటే అవి చెక్కినవి కాబట్టే. తాటాకు అయితే ఏమయ్యేదో.

—

మొదట పోస్ట్ రాసినవాడిని:

అందరికీ థాంక్స్. రాగిరేకుల పోలిక నాకు బాగా నచ్చింది గానీ ఒక్కచోట కుంటుతుంది. అవి చీకట్లో ఉండిపోయినాయి. యెషయాలో మాత్రం చెక్కిన వెంటనే "నీ ప్రాకారములు నిత్యము నాయెదుట నున్నవి" అని ఉంది. అప్పటికి యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని ఆ అధ్యాయాలు చదివితే తెలుస్తుంది. కూలిన గోడ ఎదురుగా ఉంది అనడం, అది ఆలోచిస్తే కొంచెం బాధగానే ఉంటుంది.

ఇంకో సందేహం కూడా, అడిగేసి పోతాను. విలాపవాక్యాలు 3లో "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అని ఉంది. కొన్నిచోట్ల "నమ్మతగిన" అని చూశాను. ఏది ఒప్పు?

—

జవాబు, పీలేరు నుంచి:

నమ్మన్ + తగిన. ద్రుతం (చివరి న్) మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అవుతుంది కాబట్టి "నమ్మదగిన", పాతకాలంలో మధ్యలో అరసున్న కూడా పెట్టేవాళ్ళు. విడదీసి రాసుకుంటే "నమ్మ తగిన" కూడా తప్పు కాదు. నాకు అందులో నచ్చేది "తగు". నువ్వు నమ్ముతున్నావా లేదా అనేది ఆ మాటలో లేదు, ఆయన నమ్మడానికి తగినవాడు, అంతే. నీకు ఆ రోజు నమ్మకం కుదరకపోయినా ఆ తగినతనం ఆయన దగ్గరే ఉంటుంది.

—

జవాబు, చిత్తూరు నుంచి:

అక్కడి హీబ్రూ మాట "ఎమునా", ఆమేన్ కూడా ఆ ధాతువుదే. అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు పొద్దుగుంకేదాకా నిలకడగా ఉన్నాయి అని నిర్గమకాండం 17లో ఉంది కదా, ఆ నిలకడ అనే చోట ఉన్నది ఇదే మాట. మనం కూడా "మాట మీద నిలకడ గల మనిషి" అంటాం. పడిపోకుండా ఉండటం దాని అసలు అర్థం. మోషే చేతులు ఇద్దరు పట్టుకుంటేనే నిలబడినాయి, అది వేరే సంగతి.

—

మొదట పోస్ట్ రాసినవాడిని:

ఇవన్నీ అమ్మకి చదివి వినిపించినాను. జాకర్ అంటే ఏమిటో కూడా చెప్పి, "జ్ఞాపకం చేసుకున్నాడు అంటే పట్టించుకుని పని మొదలుపెట్టినాడు అని అంట" అన్నాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాట మార్చద్దులే, అట్లే ఉండనీ. ఏడాది మీద పది రోజులన్నావే, అన్నాళ్ళూ ఆ జంతువులకి మేత ఎట్ల సరిపోయింది, అది అడుగు మీవాళ్ళని" అనింది.

అడుగుతున్నాను.