పులిజూదం స్లాట్ గేమ్ ఐడియాకు పేటెంట్ వస్తుందా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్తే. మాది అనంతపురం, కమలానగర్. ఆరేళ్లుగా బెంగళూరులోని ఒక స్టూడియోకి ఇంటి నుంచే యానిమేషన్ చేస్తున్నాను. విదేశీ కాసినోల్లో పెట్టే స్లాట్ మెషీన్లకు, అంటే డబ్బు వేస్తే బొమ్మల చక్రాలు (రీళ్లు) తిరిగే జూదం మిషన్లకు, బొమ్మలు గీస్తాం. రీలు ఆగే ముందు కొంచెం ఊగుతుంది చూడండి, ఆ ఊపు నా పని.

పోయిన సంక్రాంతికి మా అవ్వ వాళ్ల ఊరికి పోయినప్పుడు గుడి అరుగు మీద చెక్కిన పులిజూదం గీతలు చూశాను. మూడు పులులు, పదిహేను మేకలు. చిన్నప్పుడు మా తాతతో చింతగింజలు పెట్టి ఆడింది అక్కడే. దాన్ని స్లాట్ గేమ్‌గా మలచాలని అప్పుడే అనిపించింది. రీళ్ల మీద పులులు, మేకలు పడతాయి, మేకలు పులిని కట్టేస్తే బోనస్. ఆరు నెలలు రాత్రిళ్లు కూర్చుని లెక్కలన్నీ ఎక్సెల్‌లో వేశాను. రెండు నోట్‌బుక్‌లు నిండాయి.

ఆన్‌లైన్‌లో ఒక ఆఫీసు వాళ్లు ఈ ఐడియాను పేటెంట్ చేసి పెద్ద కంపెనీకి అమ్మిపెడతామన్నారు. మొత్తం 85 వేలు. 20 వేలు కట్టాను. మా ఆవిడ గొలుసు కుదవపెట్టి తెచ్చిన డబ్బు అది. వాళ్లు ముద్ర వేసి 'ఐడియా రిజిస్ట్రేషన్' అని ఒక కాగితం పంపారు. ఇప్పుడు మిగతాది కట్టమని రోజూ ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కట్టాలా? గేమ్ మొత్తం వివరంగా ఇక్కడ రాస్తే ఎవరైనా చూసి చెప్పగలరా?

జవాబు 1 (కర్నూలు నుంచి)

తమ్ముడూ, ఇంకొక్క రూపాయి కూడా కట్టొద్దు. గేమ్ వివరాలు ఇక్కడ రాయొద్దు.

నేను కర్నూలులో పేటెంట్ ఏజెంటును. నా దగ్గరికి ఎక్కువగా వేరుశనగ కాయలు ఒలిచే మిషన్లు, డ్రిప్ ఫిల్టర్లు చేసినవాళ్లు వస్తారు. వాళ్లలోనూ ఇలాంటి కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. చూసిన ప్రతిసారీ కడుపు మండుతుంది. మన పేటెంట్ ఆఫీసులో 'ఐడియా రిజిస్ట్రేషన్' అనేదే లేదు. నిజంగా దరఖాస్తు పెట్టి ఉంటే అప్లికేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు, ఫీజు రసీదు పంపమని వాళ్లను రాతపూర్వకంగా అడుగు. ప్రొవిజనల్ దరఖాస్తుకు, అంటే పూర్తి వివరాలకు ముందు పెట్టే తొలి దరఖాస్తుకు, ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో కట్టాల్సిన ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. ఏజెంటు ఫీజు వేరే ఉంటుంది, నిజమే. కానీ అమ్మిపెడతామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు.

ఇక నీ గేమ్ సంగతి. మన దేశంలో దీనికి పేటెంట్ రాదు. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ లేదు. 3(కె) ప్రకారం లెక్కల పద్ధతికీ, అల్గారిథమ్‌కీ లేదు. పైగా 3(బి) కింద పేటెంట్ ఆఫీసు మాన్యువల్ ఇచ్చిన ఉదాహరణల్లో దొంగనోట్ల మిషన్‌తో పాటు జూదం పరికరం కూడా ఉంది.

అమెరికాలో స్లాట్ మెషీన్లకు పేటెంట్లు ఇచ్చారు. అయితే దేనికి ఇచ్చారో చూడు. ఇంగే టెల్నెస్ అనే ఆయనకు 1984లో వచ్చిన పేటెంట్ ఈ రంగాన్నే మార్చేసింది. రీలుకు 22 చోట్లు ఉన్నాయనుకో. మూడు రీళ్లకు 22ను మూడుసార్లు గుణిస్తే 10,648. ఒక్కో రీలు మీద జాక్‌పాట్ బొమ్మ ఒక్కటే ఉంటే 10,648 సార్లలో ఒకసారి పడుతుంది. అంతకంటే అరుదుగా పడే పెద్ద జాక్‌పాట్ పెట్టాలంటే రీలు పెద్దది చేయాలి, లేదా రీళ్లు పెంచాలి. ఆయన రీలును ముట్టుకోలేదు. రీలు ఎక్కడ ఆగాలో ఒక రాండమ్ నంబరు ముందే తేలుస్తుంది. కొన్ని చోట్లకు ఎక్కువ నంబర్లు, జాక్‌పాట్‌కు ఒక్కటే నంబరు. రీలుకు 64 నంబర్లు ఇస్తే 2,62,144లో ఒకసారి అవుతుంది. మిషన్ లోపల జరిగే పనే మారింది. పులి, మేక బొమ్మలు మార్చడం అలాంటిది కాదు.

తర్వాత అక్కడా బిగించారు. 2014లో ఆలిస్ అనే కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఊరికే ఒక ఆలోచనను కంప్యూటర్‌లో పెట్టినంత మాత్రాన పేటెంట్ రాదని చెప్పింది. 2016లో బ్లాక్‌జాక్ అనే పేకాటకు కొత్త నియమాలు రాసినవాళ్ల దరఖాస్తు ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో (అక్కడి పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు) పోయింది. మామూలు పేకముక్కలతో కాక కొత్త రకం ముక్కలతో ఆడేదైతే వేరేగా ఉండొచ్చని ఆ కోర్టే అంది.

కాబట్టి మేకలు పులిని కట్టేస్తే బోనస్ అనేది నియమం. దానికి రాదు. నీ నోట్‌బుక్‌లలో మిషన్ పనితీరునే మార్చే ఉపాయం ఏదైనా ఉంటే దాన్ని విడిగా, తేదీ వేసి రాసిపెట్టు. గూగుల్ పేటెంట్స్‌లో జీ07ఎఫ్ 17/32 అనే వర్గంలో వెతుకు. ఈ మెషీన్లన్నీ అక్కడే ఉంటాయి. వారం కూర్చుంటే నీదాంట్లో కొత్తదనం ఎంతో నీకే తెలుస్తుంది.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇండియాలో ఉంటూ నేరుగా అమెరికాలో దరఖాస్తు పెట్టకూడదు. సెక్షన్ 39 ప్రకారం ముందు ఇక్కడ అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి. తప్పితే జైలు శిక్ష కూడా ఉంది.

నీ ఉద్యోగ ఒప్పందం తీసి చదువు. నువ్వు చేసే పనికి సంబంధించి ఏం కనిపెట్టినా కంపెనీదే అని రాసి ఉండొచ్చు.

జవాబు 2 (ప్రొద్దుటూరు నుంచి)

అన్నా, పేటెంట్ సంగతి నాకు తెలియదు. మా నాయన మట్కాలో మూడెకరాలు పోగొట్టాడు. చీటీ మీద నంబర్లు రాసుకుని తెల్లారేదాకా లెక్కలు వేసేవాడు. నువ్వు ఎక్సెల్ అన్నప్పుడు నాకు ఆ చీటీలే గుర్తొచ్చాయి. నిన్ను తప్పుపట్టడం లేదు, అది నీ కూడు.

కానీ పులిజూదంలో పందెం లేదు కదా. పేరులో జూదం ఉన్నా మనం గింజలతోనే ఆడుకున్నాం. మా పిల్లకు పదేళ్లు, ఆ ఆట పేరే తెలియదు. డబ్బు లేని ఫోన్ గేమ్‌గా చేయి అన్నా. మొదట మా పిల్లకే ఇస్తాను.

జవాబు 3 (అనంతపురం, ప్రశ్న అడిగిన వ్యక్తి)

కర్నూలు అక్కా, ఒప్పందం తీసి చూశాను. ఏడో పేజీలో ఉంది. ఉద్యోగంలో ఉండగా గేములకు సంబంధించి చేసినదంతా కంపెనీకే చెందుతుందట. సంతకం పెట్టినప్పుడు చదవలేదు. ఆ ఆఫీసు వాళ్లను అప్లికేషన్ నంబరు అడిగితే ఫోన్ పెట్టేశారు.

ప్రొద్దుటూరు అన్నా, నీ మాట రాత్రంతా తిరిగింది. మా తాత పులిని కట్టేసినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాడు. ఫోన్ గేమ్‌గా చేయాలంటే కూడా ఆ ఏడో పేజీ అడ్డొస్తుందా అక్కా?

జవాబు 4 (కర్నూలు నుంచి)

రావొచ్చు తమ్ముడూ. అందుకే మొదలుపెట్టక ముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయి. పందెం లేని సంప్రదాయ ఆట, సొంత కంప్యూటర్‌లో, సొంత సమయంలో చేస్తానని చెప్పి, అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకో. పులిజూదం ఎవరి సొత్తూ కాదు. ఆ రాత చేతికొస్తే నువ్వు కొత్తగా గీసే బొమ్మల మీద కాపీరైట్ గీసిన క్షణం నుంచే నీది, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. గేమ్ పేరుకు ట్రేడ్‌మార్క్ కావాలంటే ఒక వ్యక్తికి ఆన్‌లైన్‌లో 4,500. అది తర్వాత చూద్దాం.

ఆ 20 వేల గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఈరోజే ఫిర్యాదు పెట్టు. డబ్బు పంపిన రసీదు, ముద్ర కాగితం ఫొటో దగ్గర పెట్టుకో.