‘మూకాభినయం’ అన్న మాటకు సమానార్థకాలు ఏవి?

ప్రశ్న:
మా కళాశాల జట్టు విశ్వవిద్యాలయ యువజనోత్సవంలో మాటలు లేకుండా నటించే మైమ్ పోటీకి సిద్ధమవుతోంది. ఆరుగురికి మించకుండా ఐదు నిమిషాల్లో ముగించవలసిన ఆ అంశానికి తెలుగులో కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. మూకాభినయం అంటే చాలని ఒకరు, మూగ నటన అనాలని మరొకరు చెబుతున్నారు. మౌనాభినయం, ఆంగికాభినయం, మూకీ అన్నీ ఒకటేనని ఇంకొకరి వాదన. నిజంగా వీటిలో దేన్నైనా దేనికి బదులుగానైనా వాడవచ్చా? పైగా ‘మూక’ అనగానే అల్లరిమూక గుర్తుకొస్తోందని పిల్లలు నవ్వుతున్నారు. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
గుంపు అనే అర్థమున్న మూక వేరు, మాట లేని అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన మూక వేరు. మనం వాడే మూగ ఈ రెండో మాటకు తద్భవం. కంచి కామాక్షిని స్తుతించే మూక పంచశతి పేరులోనూ, విస్మయంతో ‘మూకీభవించాడు’ అనడంలోనూ కనిపించేది అదే. కాబట్టి శీర్షికగా మూకాభినయాన్నే నిస్సంకోచంగా ఉంచండి. మూగ నటన అంటే మూగవారి పాత్ర వేయడం అన్న అర్థం కూడా స్ఫురిస్తుంది, మీ పిల్లలు చేసేది అది కాదు. మౌనాభినయం చెవికి ఇంపుగానే ఉంటుంది, అర్థమూ చెడదు. వివరణలో ఒకచోట వాడుకోవచ్చు. నిశ్శబ్దాభినయం మాత్రం వద్దు, ఎందుకంటే ఈ పోటీలో నేపథ్య సంగీతం కూడా ఉంటుంది. లేనిది మాటే గాని శబ్దం కాదు. ఇక మూకీ పూర్తిగా సినిమా మాట, టాకీలు రాకముందు శబ్దముద్రణ లేకుండా తీసిన చిత్రాల పేరు. 1987లో వచ్చిన పుష్పక విమానంలో సంభాషణలు లేకపోయినా సంగీతమూ చప్పుళ్ళూ ఉన్నాయి గనుక దాన్ని సైతం మూకీ అనడం సరికాదు.

రెండవ సమాధానం:
నేను నాట్యం నేర్పుతాను కనుక ఆంగికాభినయం గురించి మాత్రమే చెబుతాను. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. అవయవాలతో చేసేది ఆంగికం. అది అభినయంలో ఒక భాగమే తప్ప, మాట లేకుండా సాగే ఒక కళారూపానికి పేరు కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఆంగికం చూపుతూనే మాటలూ చెబుతుంది. కథాకళి నటుడు పెదవి విప్పడు నిజమే, కాని అతడు హస్తాలతో చూపే సాహిత్యాన్ని వెనుక గాయకులు పాడుతూనే ఉంటారు.

అసలు తేడా చేతుల్లో ఉంది. నాట్యగ్రంథమైన అభినయ దర్పణం పతాక అనే హస్తముద్రకు మేఘం, వనం, నది, రాత్రి వంటి ఎన్నో వినియోగాలు చెప్పింది. ఆ సంకేతం తెలిసిన ప్రేక్షకుడికే అది నదో రాత్రో బోధపడుతుంది. దీన్ని నాట్యధర్మి అంటాం. మైమ్ కళాకారుడికి అలాంటి నిఘంటువు లేదు. లేని గోడను చూపాలంటే వదులుగా ఉన్న చేతిని ముందుకు చాపి, గోడ తగిలిన క్షణంలో వేళ్ళూ అరచేయీ ఒక్కసారిగా చదునుగా బిగించి, ఆ తరువాత శరీరం ఎటు కదిలినా ఆ అరచేయి గాలిలో ఒక్క అంగుళమైనా జరగకుండా నిలపాలి. చేయి జారితే గోడ కూలినట్టే! పిల్లల చేత సాధన చేయించవలసింది దీన్నే, కరపత్రం సంగతి తరువాత.

మూడవ సమాధానం:
పై ఇద్దరితో ఏకీభవిస్తూ, మైమ్‌కు బదులుగా వాడాలనిపించే పాంటోమైమ్ అనే మాట గురించి ఒక హెచ్చరిక. ప్రాచీన గ్రీకుల ‘మైమ్’ మాటలతో కూడిన హాస్య ప్రదర్శన. రోమన్ల పాంటోమైమ్‌లో ముసుగు ధరించిన నర్తకుడు మౌనంగా అన్ని పాత్రలూ అభినయించేవాడు గాని, పక్కన గానం ఉండేది. నేడు బ్రిటన్‌లో క్రిస్మస్ రోజుల్లో ఆడే పాంటోమైమ్ పాటలతో, ప్రేక్షకుల కేకలతో మారుమోగుతుంది. మనం అనుకునే అర్థం స్థిరపడింది ఎక్కువగా ఫ్రాన్స్‌లో. 19వ శతాబ్ది తొలి సగంలో పారిస్‌లోని ఫ్యునాంబుల్ రంగశాలకు సంభాషణలతో నాటకాలు ఆడే అనుమతి లేనందువల్ల, అక్కడ దెబ్యూరో అనే నటుడు తెల్లపూత ముఖంతో పియరో అనే హాస్య పాత్రను మాటలేకుండానే పోషించి పేరు తెచ్చుకున్నాడు. ఆ తెల్లని ముఖాన్ని 1947లో ‘బిప్’ పాత్రతో ప్రపంచమంతటికీ పరిచయం చేసినవాడు మార్సెల్ మార్సో. అందువల్ల కరపత్రంలో మైమ్ అని రాయండి, పాంటోమైమ్ వద్దు.

మిమిక్రీతో కూడా కలపవద్దు. మూలం ఒకటే అయినా, నేరెళ్ళ వేణుమాధవ్ గారి కళగా మనం ఎరిగిన ధ్వన్యనుకరణ కేవలం గొంతుతో చేసేది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ‘మూకాభినయం (మైమ్)’ అని శీర్షిక పెట్టి, కింద ‘సైగల భాషలో ఒక కథ’ అని ఉపశీర్షిక ఇవ్వాలనుకుంటున్నాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఆ ఉపశీర్షిక మార్చండి. సైగల భాష అంటే బధిరులు వాడే సంజ్ఞా భాష. దానికి సొంత పదాలూ వ్యాకరణమూ ఉన్నాయి, మీ ప్రదర్శనలో అవి లేవు. ‘మాటలు లేని కథ’ అంటే సరిపోతుంది.