ప్రాగ్‌లో ఏడుగురు మిత్రులం, మూడు రోజుల కాలినడక: మీ అనుభవాలు చెప్పగలరా?

ఓరుగల్లు_వాసి:
మిత్రులకు నమస్కారం. వరంగల్‌లో కలిసి చదువుకున్న ఏడుగురం ఇరవై ఏళ్ల తరువాత మే నెలలో ప్రాగ్‌లో కలుసుకోబోతున్నాము. పాతనగరం, వ్లతావా నదికి అవతలి ఒడ్డున ఉన్న మాలా స్ట్రానా, కొండమీది కోట, ఈ మూడింటినీ నడిచి చూడాలని సంకల్పం. మాలో ఒకరికి మోకాలి ఆపరేషన్ జరిగి ఏడాదే అయింది. మరొకరు ప్రతి గోడ దగ్గరా ఫొటో కోసం ఆగిపోయే మనిషి. చూడవలసిన స్థలాల జాబితా నా దగ్గర ఉంది, కాబట్టి అక్కడ గుంపుగా నడిచినవారు ఆ నడక ఎలా సాగిందో చెబితే చాలు.

డ్రెస్డెన్_విద్యార్థి:
మోకాలితోనే మొదలుపెడతాను. కోటకు కింది నుంచి ఎక్కకండి. 22వ నంబరు ట్రాములో పొహొర్జెలెట్స్ స్టాపు దాకా వెళ్లి దిగితే, అక్కడి నుంచి కోటకూ, కోట నుంచి నదికీ దాదాపు అంతా దిగుడే. టికెట్టు కొనగానే సరిపోదు, దానిమీద సమయం ముద్ర పడాలి. ఆ సంగతి మరచిన మా వాడొకడు జరిమానా కట్టి, ఆ సాయంత్రమంతా మా చేత మాటలు పడ్డాడు. పరచిన రాళ్లను చెక్‌లు ‘పిల్లి తలలు’ అంటారు. వాన పడితే అవి నున్నగా జారతాయి కనుక పలచని అట్ట ఉన్న చెప్పులు అసలు వద్దు.

పాతపటాలు:
మా బృందం మొదటి రాత్రి పడిన పాట్లు చెబుతాను, మీకు పనికివస్తాయి. బసకు తీసుకున్న ఇంటి సంఖ్య చేతిలో పెట్టుకుని, చక్రాల పెట్టెలు రాళ్లమీద గడగడలాడుతుండగా, ఒకే వీధిని నాలుగుసార్లు తిరిగాము. ప్రాగ్‌లో ప్రతి ఇంటికీ రెండు పలకలుంటాయి. ఎర్ర పలకమీది సంఖ్య ఆ పేట రికార్డులో ఆ ఇంటికి ఇచ్చినది, పక్కింటి సంఖ్యతో దానికి వరుస కుదరదు; నీలం పలకమీదిది వీధి వరుసలో వచ్చేది. చిరునామాలో గీతకు ముందున్నది ఎర్ర సంఖ్య, తరువాతిది నీలం. మేము ముందున్న దానిని పట్టుకుని నీలం పలకలు వెతికాము.

మరునాడు నెరుదొవా వీధి దిగుతుంటే ఈ గందరగోళానికి మూలం కనబడింది. 1770లో హాబ్స్‌బర్గ్ వంశపు రాణి మరియా థెరీసా కాలంలో సంఖ్యలు వేయకముందు ఇంటిని గుమ్మం మీది బొమ్మతోనే గుర్తుపట్టేవారు. వయొలిన్లు చేసే కుటుంబం నివసించిన ఇంటికి మూడు వయొలిన్లు. కవి యాన్ నెరుదా నివసించిన 47వ ఇంటికి (నీలం పలక సుమా) రెండు సూర్యులు. మీ ఫొటో మిత్రుడిని ఈ వీధి పైచివర వదిలేసి, మిగిలినవారు కిందనున్న కూడలిలో కాఫీ తాగుతూ కూర్చోవడం మేలు.

కృష్ణాతీరం:
పాతనగరం కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం ముందు జనం కిక్కిరిసి ఉంటారు. గంట కొట్టే వేళకు అస్థిపంజరం తాడు లాగుతుంది, పైకిటికీలలో అపొస్తలులు (క్రీస్తు శిష్యుల బొమ్మలు) ఒకరి వెంట ఒకరు కనబడతారు, కోడి కూస్తుంది, అంతే, నిమిషంలో ముగుస్తుంది. దీనికోసం అరగంట నిలబడడం నాకు దండగ అనిపించింది. అక్కడి నుంచి మూల తిరిగితే, ఆ గడియారం ఉన్న పురమందిరం (టౌన్ హాలు) తూర్పు గోడ పక్కన నేలలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తిపై తిరుగుబాటు చేసినందుకు 1621 జూన్ 21న అక్కడ ఉరితీసిన, తల నరికిన 27 మంది గుర్తులవి. తలెత్తి నడిచేవారు వాటిని తొక్కుకుంటూనే పోతారు, మొదటిసారి నేనూ అలాగే పోయాను.

పాతపటాలు:
గడియారం విషయంలో కృష్ణాతీరం గారితో ఏకీభవించలేను. బొమ్మలను వదిలేసి, జనం పలచబడ్డాక ముఖఫలకం చూడండి: బయటి నల్ల వలయంలోని 24 అంకెలు సూర్యాస్తమయం నుంచి లెక్కించే పాత చెక్ కాలమానానివి.

నదీతీర_నడక:
చార్లెస్ వంతెనకు తెల్లవారుజామునే వెళ్లండి. నాలుగో చార్లెస్ రాజు 1357లో మొదలుపెట్టించిన ఈ 516 మీటర్ల వంతెనమీద పది గంటలకు ఏడుగురు కలిసి నడవడం జాతరలో పిల్లలను వెంటేసుకుని తిరగడమే. అక్కడి రాతి విగ్రహాలలో చాలావాటి స్థానంలో ఇప్పుడు నకళ్లున్నాయి. 1683లో నిలిపిన, నెపొముక్ యోహాను అనే క్రైస్తవ పునీతుడి కంచు విగ్రహం దిమ్మెమీది పలకలు మాత్రం, యాత్రికుల చేతులు తగిలి తగిలి, మన గుళ్లలో నంది మూపురంలా నున్నబడి మెరుస్తుంటాయి. రాజాజ్ఞతో 1393లో ఆయనను ఈ వంతెన నుంచే నదిలో తోశారు.

తప్పిపోతే కలుసుకోవడానికి గడియారం చోటు కాదు. వాత్స్‌లావ్ కూడలిలోని గుర్రపు రౌతు విగ్రహం దగ్గర అనుకోండి. స్థానికులు కూడా ‘తోక కింద కలుద్దాం’ అనుకుంటారు.

ఓరుగల్లు_వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మోకాలి మిత్రుడు ట్రాములో వస్తానన్నాడు. మరొక సందేహం: కూడలిలో డబ్బు మార్చుకోవచ్చునా?

డ్రెస్డెన్_విద్యార్థి:
కార్డు చాలాచోట్ల చెల్లుతుంది. మార్చక తప్పకపోతే, బోర్డుమీది రేటును నమ్మకుండా చేతికి ఎన్ని కొరునాలు వస్తాయో ముందే అడగండి, రసీదు దాచండి. 2019 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం మార్పిడిని మూడు గంటలలోపు రద్దు చేసుకోవచ్చు. మేము ఒకసారి రద్దు చేసుకున్నాము, కౌంటరులోని వ్యక్తి ముఖం చిట్లించినా డబ్బు తిరిగి ఇచ్చాడు.