అప్‌డేట్: మంచం కింద నక్కిన మా బుజ్జిగాడి సంగతి

మా పిల్లి బుజ్జిగాడు తిండి ముట్టకుండా మంచం కిందే నక్కి ఉంటున్నాడు, దిగులా జబ్బా అని అడిగాను కదా. తిరుపతిలోనే ఇల్లు మారాం కాబట్టి బెంగ పెట్టుకున్నాడేమో అన్నారు చాలామంది. ఒకరు మాత్రం “మగపిల్లి కదా, ముందు ఉచ్చ పోస్తున్నాడో లేదో చూడండి” అన్నారు. వారికి దండం పెట్టాలి.

చూస్తే, వాడు ఉచ్చకీ దొడ్డికీ వెళ్ళే ఇసుక ట్రేలోకి వెళ్ళి, వంగి కూర్చుని ముక్కుతున్నాడు, సన్నగా అరుస్తున్నాడు. ఇసుక మాత్రం పొడిగానే ఉంది. బుట్టలో పెట్టుకుని వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ పొట్ట తడిమి చూడగానే మూత్రనాళం మూసుకుపోయిందన్నారు. మగపిల్లులకు ఆ నాళం సన్నం. అడ్డుపడితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. మత్తిచ్చి, గొట్టం వేసి ఉచ్చ తీశారు.

ఇప్పుడు ఎక్కువగా తడి మేతే పెడుతున్నాం, గదికో గిన్నెలో నీళ్ళు. టెన్షన్ కూడా ఈ జబ్బును రెచ్చగొడుతుందట, కాబట్టి బెంగ అన్నవాళ్ళదీ పూర్తిగా తప్పు కాదు. పక్కింటావిడ వేయమన్న పారాసిటమాల్ మాత్రం వేయలేదు, అది పిల్లులకు విషం. మళ్ళీ అడ్డుపడే అవకాశం ఉందన్నారు, అందుకే రోజూ ట్రే చూస్తున్నాం. మా అమ్మకైతే ఇప్పుడు అదే మొదటి పని, కాఫీ ఆ తర్వాతే.