హెచ్‌డీఈఏని కంప్యూటర్‌లో నడిపితే పీహెచ్‌డీ ఇవ్వొచ్చా?

పెన్నాగట్టు (అనంతపురం): ఈ.కోలై బ్యాక్టీరియా మన కడుపులో పడ్డాక ఆమ్లానికి దాని ప్రోటీన్లు ముద్దకట్టకుండా చూసేది హెచ్‌డీఈఏ. 89 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మామూలప్పుడు రెండు కలిసి జంటగా ఉంటాయి. పీహెచ్ 3 కంటే తగ్గితే విడిపోయి, చెడిపోతున్న ప్రోటీన్లను పట్టుకుంటాయి. అణువుల కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్‌లో నేను ఈ జంటను 100 నానోసెకన్లు నడిపాను, అది విడిపోలేదు. సెమినార్‌లో ఒక సారు "ఇది వీడియో గేమమ్మా" అన్నారు, అందరూ నవ్వారు. నిజంగా ఇది పరిశోధన కాదా?

ల్యాబ్‌కోటు (కర్నూలు): ఆయన అన్నదాంట్లో తప్పేముంది? 100 నానోసెకన్లంటే రెప్పపాటులో పదిలక్షలో వంతు. అంతలో ఏం విడిపోతుంది?

పెన్నాగట్టు: ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు సార్. 5 కోట్ల అడుగులు. మా పాత డెస్క్‌టాప్ మీద పదకొండు రోజులు పట్టింది.

ఉగ్గానిబజ్జి: 2024 కెమిస్ట్రీ నోబెల్ బేకర్‌కి, హసాబిస్‌కి, జంపర్‌కి ఇచ్చినారు కదప్పా. వాళ్లదీ కంప్యూటర్ పనే.

ల్యాబ్‌కోటు: హసాబిస్, జంపర్‌ల ఆల్ఫాఫోల్డ్, అదే ప్రోటీన్ ఆకృతిని ఊహించే ఏఐ, దేన్ని చూసి నేర్చుకుంది? ల్యాబుల్లో ఏళ్ల తరబడి స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలతో తీసిన ఆకృతులను చూసి. ఆ ఆకృతులను దాచే ప్రోటీన్ డేటా బ్యాంకు మొదలైందే 1971లో. పైగా అది చూపేది ఆకృతి. పీహెచ్ 2లో ప్రోటీన్ ఎట్లా విప్పుకుంటుందో చెప్పదు.

కడప_నిమ్మకాయ: అమ్మాయ్, ఒక మాట. ప్రోటీన్‌లోని ఆస్పార్టేట్, గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లాలకు ప్రోటాన్లు తగిలించావా, డిఫాల్ట్‌గా వదిలేశావా?

పెన్నాగట్టు: డిఫాల్టే అన్నా.

కడప_నిమ్మకాయ: అట్లయితే ఆమ్లంలో పోవాల్సిన రుణావేశం వాటి మీద అట్లే ఉంది. నువ్వు నడిపింది పీహెచ్ 7లో. నిమ్మకాయ పిండకుండా పులిహోర పుల్లగా లేదంటే ఎట్లా? అక్కడ జంట విడిపోకపోవడమే సరైన జవాబు.

ల్యాబ్‌కోటు: అదంతా తర్వాత. ముందు ఆ 100 నానోసెకన్ల సంగతి చెప్పండి.

కడప_నిమ్మకాయ: సార్, ఆవేశాలే తప్పయితే ఏడాది నడిపినా అంతే. మీరు ఆ నూరును పట్టుకుని వదలట్లేదు.

ల్యాబ్‌కోటు: వదలను. ఆరేళ్లు బ్యాక్టీరియాతో కుస్తీ పట్టినోణ్ని నేను. ఒక మే నెలలో రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. ఫ్రీజర్‌లో నా నమూనాలన్నీ కరిగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి. ఈలోగా ఎనిమిది నెలల డాకింగ్‌తో, అంటే అణువులు ఒకదానికొకటి ఎట్లా అతుక్కుంటాయో కంప్యూటర్‌లో చూసే పనితో, రెండు పేపర్లు వేసిన జూనియర్‌కు పోస్టు వచ్చింది. నేను ఇంకా గెస్టు ఫ్యాకల్టీనే.

ఉగ్గానిబజ్జి: అసలు సంగతి ఇప్పుడు బయటపడింది 😄

పెన్నాగట్టు: ఆ జూనియర్ని నేను కాదు సార్! నాకేమన్నా ఇష్టమై కంప్యూటర్ ముందు కూర్చున్నానా? ప్రోటీన్ శుద్ధి చేసే కాలమ్‌కు ఇండెంట్ పెట్టి పద్నాలుగు నెలలైంది. అడిగితే ఫైలు పైన ఉందంటారు.

ల్యాబ్‌కోటు: నా కోపమూ అక్కడేనమ్మా. మీరు కంప్యూటర్‌తో థీసిస్ ముగించేస్తే, 'కాలమ్ లేకున్నా డిగ్రీలు వస్తున్నాయి కదా' అని ఆ ఫైలు మూసేస్తారు. మీ తర్వాత వచ్చే పిల్లకు అదీ ఉండదు.

పెన్నాగట్టు: కాలమ్ వచ్చేదాకా నేను ఖాళీగా కూర్చోవాలా? ఫెలోషిప్ ఆగదా? పెళ్లి చేసుకోమని ఇంట్లో రోజూ పోరు.

ల్యాబ్‌కోటు: కూర్చోమనలేదు. కాలమ్ లేక చేయలేకపోయిన ప్రయోగం ఏదో థీసిస్‌లో రాయండి అంటున్నా.

పెన్నాగట్టు: రాస్తే గైడ్ సంతకం పెడతారా?

ఉగ్గానిబజ్జి: 🙏

కడప_నిమ్మకాయ: అది మీరిద్దరూ తేల్చుకోండి. ఆవేశాలు మార్చి మళ్లీ పెట్టావా అమ్మాయ్?

పెన్నాగట్టు: నిన్న రాత్రి పెట్టానన్నా. పొద్దున కరెంటు పోయింది. చెక్‌పాయింట్ నుంచి మళ్లీ నడుస్తోంది.